షుగర్ గ్లైడర్ గోళ్ళు: పట్టు చెడకుండా, ప్రమాదం రాకుండా

గోళ్ళ పట్టు మీదనే బతుకు సాగించే ఒక చిన్న జంతువును ఇంట్లో పెంచుతున్నప్పుడు దాని గోళ్ళు తీయవలసిన అవసరం ఎందుకు వస్తుంది, ఎంతవరకు తీయాలి, ఎక్కడ ఆపాలి అన్నది నేటి ప్రసంగ విషయం. ఆ జంతువు పేరు షుగర్ గ్లైడర్. ఇటీవలి సంవత్సరాల్లో మన దేశంలోని పెద్ద నగరాల్లో దీన్ని పెంచేవారు కనిపిస్తున్నారు. హైదరాబాద్‌లోని అబిడ్స్, నాంపల్లి వంటి పాత వాణిజ్య ప్రాంతాల్లో దుకాణాల పై అంతస్తుల్లోనూ, ఇరుకు సందుల్లోని అపార్టుమెంట్లలోనూ నివసించే కుటుంబాలకు పెద్ద జంతువును పెంచే చోటు ఉండదు కనుక, అరచేతిలో ఇమిడే ఈ ప్రాణి తేలికగా పెంచుకోదగినదిగా తోచడం సహజమే. అయితే శరీరం చిన్నదైనంత మాత్రాన సంరక్షణ చిన్నది కాదన్న సంగతి దాని గోళ్ళను పరిశీలిస్తే స్పష్టమవుతుంది.

షుగర్ గ్లైడర్ చూడడానికి ఉడుతలా కనిపించినా ఉడుత జాతికి చెందినది కాదు. కంగారూ వలె ఇది మార్సూపియల్, అంటే పిల్లను పూర్తిగా ఎదగకముందే కని, పొట్ట మీది సంచిలో పెట్టుకొని పాలిచ్చి పెంచే స్తన్యజీవి. దీని స్వస్థలం ఆస్ట్రేలియా, న్యూగినీ ప్రాంతాల అడవులు. శాస్త్రజ్ఞులు దీనికి పెటారస్ బ్రెవిసెప్స్ అని పేరు పెట్టారు. ఆస్ట్రేలియాలో ఒకే జాతిగా భావిస్తూ వచ్చిన ఈ జంతువులు నిజానికి మూడు వేర్వేరు జాతులని 2020లో పరిశోధకులు నిర్ధారించారు. పెరిగిన గ్లైడర్ బరువు సాధారణంగా 80 నుంచి 160 గ్రాముల మధ్య ఉంటుంది. ముందు కాలి చివరి వేలి నుంచి వెనుక కాలి మొదటి వేలి వరకు ఇరుపక్కలా సాగి ఉండే పలుచని చర్మాన్ని పటాజియం అంటారు. దాన్ని చాచి ఈ జంతువు ఒక చెట్టు నుంచి మరో చెట్టుకు 50 మీటర్ల దాకా గాలిలో జారుతూ పోగలదు. ఎగిరే శక్తి దీనికి లేదు; ఎత్తు నుంచి జారి, ఎదుటి చెట్టు మాను మీద వాలి, అదే క్షణంలో బెరడును పట్టుకోవాలి. ఆ పట్టు గోళ్ళదే. పదహారు రోజుల గర్భం తరువాత బియ్యపు గింజంత పిల్ల పుట్టి, తల్లి పొట్ట మీది వెంట్రుకల మధ్య నుంచి తనంతట తానే సంచిలోకి పాకేది కూడా ముందు కాళ్ళ బలంతోనే. ఈ జంతువు జీవితంలో పట్టుకు ఉన్న ప్రాధాన్యం పుట్టుకతోనే మొదలవుతుందన్నమాట.

గ్లైడర్‌కు నాలుగు కాళ్ళకూ కలిపి ఇరవై వేళ్ళున్నా గోళ్ళు మాత్రం పద్దెనిమిదే. ముందు కాళ్ళకు ఒక్కొక్కదానికి ఐదు వేళ్ళు, ఐదు గోళ్ళు ఉంటాయి. వెనుక కాలి బొటనవేలు మిగిలిన వేళ్ళకు ఎదురుగా తిరిగి కొమ్మను చుట్టి పట్టుకోవడానికి ఉపయోగపడుతుంది, దానికి గోరు ఉండదు. వెనుక కాలి రెండవ, మూడవ వేళ్ళు చాలావరకు కలిసిపోయి, కొనల దగ్గర మాత్రం రెండు గోళ్ళుగా విడివడి ఉంటాయి. వేళ్ళు ఇలా కలిసి ఉండడాన్ని సిండాక్టిలీ అంటారు. ఈ జంట గోళ్ళు దానికి దువ్వెన వంటివి. వాటితోనే అది ఒంటి మీది వెంట్రుకలను చిక్కు తీసుకొని శుభ్రం చేసుకుంటుంది. కాబట్టి గోళ్ళు తీసేటప్పుడు ఈ జంట గోళ్ళను వీలైనంతవరకు ముట్టుకోకుండా వదలడం, తప్పనిసరైతే కొన మొన మాత్రమే మొద్దుబరచడం మంచి పద్ధతి. తొలిసారి పూనుకొనే పెంపకందారు కత్తెర పట్టడానికి ముందే ఏ వేలికి గోరుంది, ఏ వేలికి లేదు, ఏవి కలిసి ఉన్నాయి అన్నది వెలుతురులో చూసి గుర్తుపెట్టుకోవాలి.

గోరు అంతా ఒకే పదార్థం కాదు. మన గోళ్ళలో, వెంట్రుకల్లో ఉన్నటువంటి కెరాటిన్ అనే గట్టి మాంసకృత్తుతో దాని పైపొర తయారవుతుంది. ఈ పొరకు నొప్పి తెలియదు. దాని లోపల, మొదటి నుంచి కొంతదూరం వరకు, రక్తనాళమూ నరమూ ఉన్న జీవభాగం ఉంటుంది. అది తెగితే నొప్పి, రక్తస్రావం రెండూ కలుగుతాయి. గ్లైడర్ గోళ్ళు చాలావరకు పారదర్శకంగా ఉంటాయి కనుక, మంచి వెలుతురులో చూస్తే ఈ జీవభాగం గులాబీ రంగు గీతగా కనిపిస్తుంది. ఆ గీతకు అవతల, కొక్కెంలా వంగి తెల్లగా, సూదిమొనలా సన్నబడిన భాగమే కత్తిరించదగినది. అది సాధారణంగా ఒక మిల్లీమీటరుకు మించదు. మనుషుల గోళ్ళు తీసినట్లు పొట్టిగా, గుండ్రంగా తీయాలన్న ఆలోచన ఇక్కడ పనికిరాదు. మొన పోతే చాలు, వంపు మిగలాలి. వంపు పోతే ఆ ప్రాణి కొమ్మ మీద, గూటి తీగల మీద పట్టు తప్పి పడిపోయే ప్రమాదం ఉంది.

అడవిలో గరుకైన బెరడు మీద రాత్రంతా ఎక్కి దిగడం వల్ల గోళ్ళు వాటంతట అవే అరుగుతాయి. ఇంట్లో నున్నని తీగల గూడు, మెత్తని గుడ్డ సంచి, ప్లాస్టిక్ గిన్నెలు తప్ప గరుకుతనం దాదాపుగా ఉండదు. అందువల్ల మొనలు సూదుల్లా పెరిగి గుడ్డలో దిగబడతాయి. దిగబడిన గోరును ఆ ప్రాణి భయంతో గుంజినప్పుడు గోరు మొదటికంటా ఊడిపోవచ్చు, వేలు బెణకవచ్చు, విరగవచ్చు. చిక్కుకున్న కాలిని విడిపించుకోవడానికి గ్లైడర్ తన వేలిని తానే కొరుక్కొనే సందర్భాలు కూడా ఉంటాయి. గోళ్ళ సంరక్షణకు అసలు కారణం ఇదే. పెంపకందారు చేతి మీద గీతలు పడడం చిన్న ఇబ్బంది మాత్రమే. దాన్ని తప్పించుకోవడం కోసం గోళ్ళను పొట్టిగా తీయడం న్యాయం కాదు.

గోళ్ళు గుడ్డలో చిక్కుకోవడమే అసలు కారణమైనప్పుడు పరిష్కారం కూడా కత్తెరతో కాక గుడ్డతో మొదలుకావాలి. అబిడ్స్ నుంచి నాంపల్లి వరకు బట్టల దుకాణాలకు కొదవ లేదు. ఏటా సాధారణంగా జనవరి 1న మొదలయ్యే నుమాయిష్ ప్రదర్శనలో కశ్మీరీ వర్తకుల శాలువాలు, ఉన్ని దుస్తులు, దుప్పట్లు కూడా దొరుకుతాయి. వీటిలో అల్లిక ఉన్న ఉన్ని గుడ్డలు, పోగుల ఉచ్చులు పైకి తేలి ఉండే టర్కీ తువాళ్ళు, జరీ లేదా అద్దాల పని చేసిన చున్నీలు, దోమతెర గుడ్డ గ్లైడర్ గూటిలో వేయకూడదు. ప్రతి ఉచ్చూ గోటికి ఒక వల అవుతుంది. ఉచ్చులు లేని, అంచుల్లో దారాలు ఊడని ఫ్లీస్ గుడ్డ దీనికి తగినది. సంచి కుట్టించేటప్పుడు కుట్లు లోపలివైపు బయటపడకుండా, దగ్గర దగ్గరగా ఉండేలా దర్జీకి ముందే చెప్పాలి. ప్రతి ఉతుకు తరువాత సంచిని తిరగేసి, వదులైన దారాలను, చుట్టుకొని ఉన్న పొడవాటి తలవెంట్రుకలను తీసివేయాలి; దారం గాని వెంట్రుక గాని వేలికి చుట్టుకొని బిగిస్తే రక్తప్రసారం ఆగి ఆ వేలు పోగొట్టుకోవలసి రావచ్చు. బట్ట సరైనదైతే గోళ్ళు తీయవలసిన సందర్భాలే తగ్గుతాయి. గూటిలో బెరడుతో ఉన్న కొమ్మలు అమర్చితే అవి ఇంకా తగ్గుతాయి. ఆస్ట్రేలియా నుంచే వచ్చి మన నేలలో స్థిరపడిన జామాయిల్, అంటే నీలగిరి చెట్టు కొమ్మలు ఇందుకు బాగా పనికివస్తాయి. అయితే పురుగుమందు చల్లిన కొమ్మను, రద్దీ రోడ్ల పక్కన వాహనాల పొగ, మసి పట్టిన కొమ్మను తేకూడదు. తెచ్చిన కొమ్మను బాగా కడిగి, ఎండలో ఆరబెట్టిన తరువాతే గూటిలో ఉంచాలి.

ఇన్ని జాగ్రత్తల తరువాత కూడా గోళ్ళు తీయవలసి రావచ్చు. వారానికి ఒకసారి కాళ్ళు పరిశీలిస్తూ ఉంటే అవసరం ఎప్పుడు వచ్చిందో తెలుస్తుంది. ఫ్లీస్ గుడ్డ మీద నడుస్తున్నప్పుడు గోరు తగులుకొని వెంటనే ఊడిరాకపోవడం, కాలు ఎత్తడానికి ప్రాణి మళ్ళీ మళ్ళీ గుంజుకోవడం స్పష్టమైన సూచనలు. చాలా గ్లైడర్లకు రెండు నుంచి నాలుగు వారాలకు ఒకసారి కొనలు తీస్తే సరిపోతుంది; కొన్నింటికి అంతకన్నా ఆలస్యంగా అవసరం కావచ్చు. క్యాలెండరు చూసి కాక కాలు చూసి నిర్ణయించడమే సరైన పద్ధతి.

పరికరాల విషయంలో ఆడంబరం అక్కరలేదు. పసిపిల్లల కోసం అమ్మే చిన్న నెయిల్ కటర్ గాని, మొన గుండ్రంగా ఉండే చిన్న గోళ్ళ కత్తెర గాని చాలు. అది పదునుగా ఉండడం ముఖ్యం, ఎందుకంటే మొద్దు కత్తెర గోరును తెంపదు, నలిపి చీల్చుతుంది. కుక్కల కోసం చేసిన పెద్ద కటర్లు ఈ పనికి పనికిరావు. కత్తెరను ఈ పనికే ప్రత్యేకించి, ప్రతిసారీ స్పిరిట్‌తో తుడిచి, పూర్తిగా ఆరిన తరువాత వాడాలి. గులాబీ గీత స్పష్టంగా కనిపించాలంటే పగటి వెలుతురు పడే కిటికీ గాని, తెల్లని కాంతి ఇచ్చే టేబుల్ ల్యాంపు గాని కావాలి. చూపు ఆననివారు అబిడ్స్‌లోని ఏ కళ్ళద్దాల దుకాణంలోనైనా దొరికే భూతద్దాన్ని దగ్గర ఉంచుకోవడం మంచిది. దీంతో పాటు ఒక చిన్న గిన్నెలో కార్న్‌ఫ్లోర్, శుభ్రమైన దూది, నాకడానికి ఒక చుక్క తేనె ముందే సిద్ధం చేసుకోవాలి. జంతువును చేతిలోకి తీసుకున్న తరువాత వస్తువుల కోసం వెదకడం ప్రమాదానికి దారి తీస్తుంది.

వేళను ఎన్నుకోవడం కూడా ముఖ్యమే. షుగర్ గ్లైడర్ నిశాచరి. పగలు నిద్రపోయి రాత్రి తిరుగుతుంది. కాబట్టి నిద్రమత్తులో ఉండే ఉదయపు వేళ ఈ పనికి అనువైనది. దుకాణాలు తెరుచుకొని హారన్ల మోత మొదలైన తరువాత అబిడ్స్ కూడలికి దగ్గరగా ఉన్న ఇళ్ళలో ప్రశాంతత దొరకదు కనుక, అంతకు ముందే పని ముగించడం మేలు. దుకాణాలు చాలావరకు మూసి, కాలిబాటల మీద పాత పుస్తకాలు పరిచే ఆదివారం ఉదయం ఇందుకు మరింత అనుకూలం. ఎండాకాలంలో హైదరాబాద్ ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుతుంది. ఆ రోజుల్లో ప్రాణిని గుడ్డలో చుట్టి ఎక్కువసేపు ఉంచితే వడదెబ్బ తగలవచ్చు కనుక తెల్లవారుజామునే, కొద్ది నిమిషాల్లోనే ముగించాలి. చలికాలపు ఉదయాల్లో మరొక సంగతి గమనించాలి. చలి గాని ఆకలి గాని ఎక్కువైనప్పుడు గ్లైడర్ శరీర ఉష్ణోగ్రతను తగ్గించుకొని కొన్ని గంటలు కదలకుండా పడి ఉంటుంది. ఈ జడావస్థను టార్పర్ అంటారు. ఒళ్ళు చల్లబడి, తాకినా స్పందించని స్థితిలో ఉన్న ప్రాణి గోళ్ళు తీయడానికి వీలుగా ఉందని పొరబడకూడదు; దానికి ముందు కావలసినది వెచ్చదనం, ఆ తరువాత ఆహారం.

ఇక పద్ధతి. గ్లైడర్‌ను నిద్ర సంచితో సహా ఒడిలోకి తీసుకొని, కొంతసేపు చేతి వేడి తగలనివ్వాలి. ఇద్దరు కలిసి చేస్తే పని సులువవుతుంది: ఒకరు సంచి మీదుగా శరీరాన్ని అదిమిపెట్టకుండా ఆనించి పట్టుకొని తేనె చుక్కను నాకనిస్తారు, మరొకరు సంచి అంచు నుంచి ఒక్క కాలిని మాత్రమే బయటికి తెచ్చి, వేలిని రెండు వేళ్ళ మధ్య మెత్తగా పట్టుకొని, గులాబీ గీత ఎక్కడ ముగుస్తుందో చూసి, దానికి తగలకుండా బాగా దూరంగా మొనను మాత్రం తీస్తారు. ఛాతీని బిగించి పట్టుకోకూడదు. అంత చిన్న జంతువుకు ఛాతీ కదలకపోతే ఊపిరి ఆడదు. తోక పట్టుకొని లాగకూడదు. గుడ్డను పట్టుకున్న కాలిని గుంజకూడదు. గోరును వచ్చిన దిశలోనే వెనక్కి నెట్టి విడిపించాలి. ఒక్కసారే అన్ని గోళ్ళూ పూర్తి కావాలన్న పట్టుదల అనవసరం. ఒక రోజు ఒక కాలు, మరునాడు ఇంకో కాలు, అవసరమైతే పూటకు రెండే గోళ్ళు తీసినా నష్టం లేదు. ప్రాణి కీచుమని గట్టిగా అరుస్తూ పెనుగులాడితే ఆ పూటకు ఆపివేయడమే వివేకం, ఎందుకంటే భయంతో ముగిసిన పని మరుసటిసారిని మరింత కష్టం చేస్తుంది. కొత్తగా ఇంటికి వచ్చిన గ్లైడర్ విషయంలో కత్తెర జోలికి పోకుండా, సంచిలోంచి కాలు బయటికి తెచ్చి తాకి వదలడాన్ని కొన్నాళ్ళు అలవాటు చేయడం ఉత్తమం.

జాగ్రత్త పడినా ఎప్పుడైనా జీవభాగం తెగవచ్చు. అప్పుడు ఎంత రక్తం పోతోందన్నది ఆ శరీరపు కొలతతో చూడాలి. స్తన్యజీవుల శరీరంలో రక్తం బరువులో దాదాపు 7 శాతం ఉంటుంది; 100 గ్రాముల గ్లైడర్‌కు అది 7 మిల్లీలీటర్లు, అంటే ఒకటిన్నర టీస్పూనుకు కాస్త తక్కువ. ఆరోగ్యంగా ఉన్న జంతువు తన రక్తంలో పదో వంతు పోయినా తట్టుకోగలదని పశువైద్యులు లెక్కిస్తారు. ఈ ప్రాణి విషయంలో ఆ పదో వంతు అంటే సుమారు పద్నాలుగు చుక్కలు మాత్రమే. మనిషి వేలి నుంచి కారితే ఎవరూ పట్టించుకోని రక్తం ఇక్కడ ప్రాణాపాయానికి చేరువ కావచ్చు. కాబట్టి కంగారు పడకుండా, వెంటనే గోటి కొనను కార్న్‌ఫ్లోర్‌లో అద్ది, దూదితో రెండు మూడు నిమిషాలు మెత్తగా నొక్కి ఉంచాలి. రక్తాన్ని గడ్డకట్టించడానికి తయారుచేసిన స్టిప్టిక్ పౌడర్ మందుల దుకాణంలో గాని, పెంపుడు జంతువుల దుకాణంలో గాని దొరికితే వాడవచ్చు. అది కాస్త మంట పుట్టిస్తుంది, నాకితే మంచిది కాదు కనుక రక్తం ఆగాక తడి దూదితో చుట్టూ తుడిచివేయాలి. మన ఇళ్ళలో దెబ్బ తగిలితే కాఫీపొడి గాని సున్నం గాని అద్దే అలవాటు ఉంది. గ్లైడర్‌కు ఆ రెండూ హానికరమే: సున్నం కణజాలాన్ని కాలుస్తుంది, కాఫీలోని కెఫీన్ అంత చిన్న శరీరానికి విషతుల్యం. మనుషులు వాడే నొప్పి మాత్రలు కూడా వైద్యుడు చెప్పనిదే ఇవ్వకూడదు. ఐదు పది నిమిషాల్లో రక్తం ఆగకపోతే పశువైద్యుని దగ్గరికి తీసుకుపోవాలి.

చేయకూడని పనులు మరికొన్ని ఉన్నాయి. సంచి నుంచి బయటికి వచ్చినా ఇంకా తల్లి వీపును కరచుకొని తిరిగే పిల్లల గోళ్ళు తీయకూడదు. ఆ గోళ్ళే వాటికి తల్లి మీద పట్టు. గోళ్ళు అరగడానికని పరుగుల చక్రంలో గరుకు కాగితం శాశ్వతంగా అంటిస్తే గోళ్ళతో పాటు అరికాళ్ళు కూడా పుండ్లు పడతాయి. అన్నిటికన్నా ముఖ్యమైనది, గోళ్ళు తీస్తున్న ఊపులో పళ్ళ కొనలు కూడా తీయవచ్చునని ఎవరైనా సలహా ఇస్తే దాన్ని వినకూడదు. ఎలుక, కుందేలు ముందు పళ్ళు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి. గ్లైడర్ పళ్ళు అలా పెరగవు. కత్తిరించిన పన్ను తిరిగి రాదు, లోపలి నరం బయటపడి తీవ్రమైన బాధ, ఇన్ఫెక్షన్ మాత్రం వస్తాయి.

గోరు మొదట్లో వాపు, చీలిన గోరు, కాలు నేల మీద మోపకపోవడం, ఒకే వేలిని పదేపదే కొరుక్కోవడం కనిపిస్తే ఇంట్లో వైద్యం చేయకుండా పశువైద్యుని సంప్రదించాలి. వెనుక కాళ్ళు బలహీనపడి ఈడుస్తున్నట్లు నడిస్తే అది గోళ్ళ సమస్య కాకపోవచ్చు. ఆహారంలో కాల్షియం తక్కువై, ఎముకలు పలచబడి వచ్చే వ్యాధి బందీగా పెరిగే గ్లైడర్లలో తరచుగా కనిపిస్తుంది. పండ్లు, తేనె మాత్రమే పెట్టి పెంచేవారు ఈ సంగతి తప్పక గుర్తుంచుకోవాలి. అబిడ్స్, నాంపల్లి వాసులకు నారాయణగూడలోని ప్రభుత్వ సూపర్ స్పెషాలిటీ పశువైద్యశాల దగ్గరలోనే ఉంది. రాజేంద్రనగర్‌లో పశువైద్య కళాశాల ఉంది. ఎక్కడికి వెళ్ళినా ఇటువంటి చిన్న విదేశీ జంతువులతో అనుభవం ఉన్న వైద్యులు ఎప్పుడు అందుబాటులో ఉంటారో ముందుగా విచారించుకోవడం, ఆ వివరాన్ని ప్రమాదం రాకముందే రాసిపెట్టుకోవడం మంచిది. బాగా భయపడే గ్లైడర్‌కు వైద్యులు ఐసోఫ్లూరేన్ అనే మత్తువాయువును కొద్దిసేపు ఇచ్చి, పరీక్షతో పాటు గోళ్ళు కూడా తీస్తారు. ఆ పని వైద్యశాలలోనే జరగాలి.

ఈ జంతువును కొత్తగా తెచ్చుకోవాలనుకునేవారు ఆలోచించవలసిన విషయాలు కొన్ని ఉన్నాయి. మంచి సంరక్షణలో గ్లైడర్ పదేళ్ళకు పైగా బతుకుతుంది. గుంపుగా జీవించే ప్రాణి కనుక ఒంటరిగా ఉంచితే దిగులుతో తన శరీరాన్ని తానే గాయపరచుకొనే స్థితికి చేరుతుంది. అంటే రెండింటిని, పదేళ్ళకు మించి, ప్రతి వారమూ ముప్పై ఆరు గోళ్ళు పరిశీలిస్తూ సాకడానికి సిద్ధపడాలి. జంతువుల పట్ల క్రూరత్వ నివారణ చట్టం కింద 2018లో వచ్చిన పెట్ షాపుల నిబంధనల ప్రకారం అమ్మకపు దుకాణం రాష్ట్ర జంతు సంక్షేమ మండలి దగ్గర నమోదై ఉండాలి. ఆ పత్రం అడిగి చూడడం కొనుగోలుదారు బాధ్యత. మన అడవుల్లో ఉండే ఎగిరే ఉడుతను గ్లైడర్ అని చెప్పి ఎవరైనా అమ్మజూపితే అది నేరం; ఆ ఉడుతకు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది, దాన్ని కొనడమూ పెంచడమూ నిషిద్ధం.

జంతువులకు తగిన వసతి కల్పించే విషయంలో నాంపల్లికి ఒక చరిత్ర కూడా ఉంది. నేడు పబ్లిక్ గార్డెన్స్‌గా పిలిచే బాగ్-ఎ-ఆమ్‌లో ఒకప్పుడు నగరపు జంతుప్రదర్శనశాల ఉండేది. జంతువులకు చాలినంత చోటు, వాటి స్వభావానికి తగిన ఆవరణ అవసరమన్న దృష్టితో మీర్ ఆలం చెరువు పక్కన నెహ్రూ జంతుప్రదర్శనశాలను నిర్మించి, 1963 అక్టోబరు 6న ప్రజల కోసం తెరిచారు; నాంపల్లి తోటలోని జంతువులు అక్కడికి తరలాయి. జంతువును మనిషి వసతికి తగినట్లు కుదించడం కాక, జంతువు అవసరానికి తగినట్లు వసతిని మార్చాలన్న సూత్రాన్ని నగరం అప్పుడు అంగీకరించింది. ఇంట్లోని గూటికీ అదే సూత్రం వర్తిస్తుంది. గోరు గుడ్డలో చిక్కుకుంటే మొదట మార్చవలసినది గుడ్డను. గోరు అరగకపోతే ముందుగా చేర్చవలసినది బెరడు ఉన్న కొమ్మను. ఆ తరువాత కూడా మిగిలిన మొనను మాత్రమే, మంచి వెలుతురులో, ఓపికగా, గులాబీ గీతకు దూరంగా తీయాలి. ఈ వరుస తప్పకుండా పాటించే ఇంట్లో గ్లైడర్ గోళ్ళు తీయడం భయపడవలసిన పని కాదు, నెలకు కొద్ది నిమిషాలు శ్రద్ధ పెడితే జరిగిపోయే మామూలు సేవ.